‘ఐదు నిమిషాల్లో మర్చిపోతారు’ అన్న సలహాతో చిక్కేమిటి?

డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు) ఉన్న పెద్దవాళ్లను ఇంట్లో చూసుకునేవారికి తరచూ అందే సలహా ఇది: "ఏమన్నా ఐదు నిమిషాల్లో మర్చిపోతారు, బాధ ఉండదు. పోయినవాళ్ల గురించి అడిగితే నిజం చెప్పేయండి. ఏడిస్తే మాట మార్చండి. మీరు కోపం తెచ్చుకోకండి."

మర్చిపోవడం నిజమే. బాధ ఉండదన్నదే అబద్ధం. 2014లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు 17 మంది అల్జీమర్స్ (డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకం) రోగులకు ఏడిపించే, నవ్వించే సినిమా ముక్కలు చూపించారు. కాసేపటికే వాళ్లకు చూసింది పెద్దగా గుర్తులేదు. దిగులు మాత్రం అరగంట దాకా పోలేదు. పైగా ఎంత తక్కువ గుర్తుంటే అంత ఎక్కువసేపు నిలిచింది. దేనికో తెలియని దిగులుకు సర్దిచెప్పుకోవడం ఎలా?

ఇక నిజం సంగతి. "మీ నాన్న ఇంకా రాలేదేం?" అన్న అమ్మకు "పోయి ఎనిమిదేళ్లయింది" అంటే, అది ఆమెకు అప్పుడే విన్న చావు కబురు. నాలుగుసార్లు అడిగితే నాలుగుసార్లు. అలాగని "బస్సులో ఉన్నారు" అనీ అనొద్దు, గుమ్మంలోనే కూర్చుంటుంది, చీకటి పడేకొద్దీ కంగారు పెరుగుతుంది. ఎదురుగా, ఆమె కళ్లకు సమంగా కూర్చుని "నాన్న గుర్తొస్తున్నారా అమ్మా?" అని ఆగండి. పది పదిహేను సెకన్లు పట్టినా జవాబు రానివ్వండి. తర్వాత "నాన్నకు ఏ కూర ఇష్టం?" అని కదపండి. "ఎందుకేడుస్తున్నావ్?" వద్దు. కారణం వెతికి చెప్పడం ఆమెకు కష్టం, అది పరీక్షలా తగులుతుంది. తేటగా "ఆయన పోయారా?" అని తనే అడిగితే మాత్రం చేయి పట్టుకుని అవుననండి.

మాట మార్చడం తప్పు కాదు, వరుసే ముఖ్యం. ఏడుపును పలకరించకుండా టీవీ పెడితే గొంతు ఇంకా పెరుగుతుంది. తేరుకున్నాక తువ్వాళ్లు మడతపెట్టడమో, చిక్కుళ్లు వలవడమో చేతికివ్వండి.

అయితే ఒకటి రెండు రోజుల్లోనే హఠాత్తుగా అరుపులు గానీ, మగత గానీ మొదలైతే అది మనసు సంగతి కాకపోవచ్చు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, ఎక్కడో నొప్పి, కొత్తగా మొదలెట్టిన మాత్ర, ఏదైనా కావచ్చు. ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

ఆ సలహాలో అన్నిటికన్నా పనికిరానిది "మీరు కోపం తెచ్చుకోకండి" అన్న చివరి మాట. అణచుకున్న కోపం స్నానం చేయించేటప్పుడు చేతి బిగువులో బయటపడుతుంది. మాట గుర్తులేకపోయినా ఆ పట్టు ఆమెకు తెలుస్తుంది. కోపం వస్తే స్టవ్ ఆపి, ఆమెను పడిపోని చోట కూర్చోబెట్టి, రెండు నిమిషాలు పక్కగదిలో ఉండండి. వారానికి ఒక పూటైనా అన్నదమ్ములకో అక్కచెల్లెళ్లకో అప్పగించండి. మాట్లాడే మనిషి లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ 14416కు రాత్రయినా పగలైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు.