షార్ట్‌ఫాల్ గారికి, 250 గజాల ఇంటి ఓనర్ రాయు ఉత్తరం

గౌరవనీయులైన షార్ట్‌ఫాల్ గారికి నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం, ఒక్క గది తప్ప. మీ క్షేమం అడగక్కర్లేదు, కాగితాల్లో ఇంకేదో తక్కువైందంటూ నిన్న సాయంత్రం ఆరూ నలభైకి మున్సిపాలిటీ మెసేజ్ రూపంలో దర్శనమిచ్చారు కదా.

కట్టిన ఇల్లు చూడ్డానికి నిన్న మధ్యాహ్నం రెండింటికి మున్సిపాలిటీ సార్ సైట్‌కి వస్తారు, ఓనర్ కచ్చితంగా ఉండాలి అంటే హాఫ్ డే లీవ్ పెట్టి గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నా. నాలుగింటికి కొలతలు తీసే చైన్‌మన్ ఒక్కడే బండి మీద వచ్చాడు. సార్ ఏరని అడిగితే సోమవారం కదన్నా, ప్రజావాణిలో ఉన్నారు అన్నాడు. జనం గోడు వినడానికి వెళ్లారంట, మంచిదే, నా గోడు మాత్రం గేటు దగ్గరే కూర్చుంది. టేపు ఒక కొస అతను, ఇంకో కొస నేను పట్టుకుని నాలుగు వైపులా కొలిచాం. అన్నీ కరెక్ట్‌గా ఉన్నాయన్నా, ఓసీ వచ్చేస్తది అని చాయ్ తాగి వెళ్లిపోయాడు. ఓసీ అంటే ఇల్లు రూల్ ప్రకారమే కట్టాం, ఇక ఉండొచ్చు అని మున్సిపాలిటీ ఇచ్చే కాగితం. మా ఆవిడ అప్పుడే వాళ్ల అమ్మకి ఫోన్ చేసి చెప్పేసింది కూడా.

తర్వాత తమరు. "ఎడమవైపు సెట్‌బ్యాక్ ఫోటో స్పష్టంగా లేదు."

అయ్యా, సెట్‌బ్యాక్ అంటే ఇంటికీ కాంపౌండ్ గోడకీ మధ్య వదిలిన ఐదడుగుల సందు. కాంపౌండ్ గోడకి వీపు ఆనించి, పొట్ట లోపలికి లాక్కుని తీసినా ఫోన్‌లో ఇంత గోడ, ఒక డ్రెయినేజీ పైపు, నా బొటనవేలు తప్ప ఏమీ పడట్లేదు. పై నుంచి కింద దాకా రావాలంటే పక్కింటాయన డాబా ఎక్కాలి, ఆయనకీ నాకూ బోరు విషయంలో ఆర్నెల్లుగా మాటల్లేవు. పైగా రెండు గంటల ముందే మీ మనిషే ఆ సందులో నిలబడి టేపు పెట్టి కొలిచాడు కదా, టేపు కంటే ఫోటో గొప్పదా?

ఇలా రావడం తమరికి ఇది ఐదోసారి. మొదట ఈసీ, అదే స్థలం మీద అమ్మకాలూ తాకట్లూ చూపించే కాగితం, పాతదైంది, కొత్తది పెట్టమన్నారు, పెట్టాం. తర్వాత లింక్ డాక్యుమెంట్, అంటే స్థలం పాత దస్తావేజు, చదవడానికి రావట్లేదన్నారు. అది 1987 నాటి చేతిరాత దస్తావేజు, స్టాంపు పేపర్ మడత పడ్డచోటల్లా అక్షరాలు రాలిపోయాయి, రాసిన ఆ లేఖరి బతికొచ్చినా చదవలేడు. క్లియర్‌గా స్కాన్ చేస్తే సైజు ఎక్కువైందని సైట్ తీసుకోదు, సైజు తగ్గిస్తే చదవడానికి రాదని తమరు తీసుకోరు. మూడోది ఇంకుడు గుంత ఫోటో. నాలుగోది ఏంటో ప్లాన్ గీసి అప్లై చేసిపెట్టే మా ఎల్‌టీపీకే అర్థం కాలేదు, మళ్లీ అవే కాగితాలు అప్‌లోడ్ చేస్తే సరిపోయింది.

ఇవన్నీ మొదటి రోజే అడగొచ్చు కదా? నా బాధంతా ఇదొక్కటే. కాగితాలు అడగడం తప్పని నేను అనట్లేదు, ఇంకుడు గుంత ఉండాల్సిందే, సెట్‌బ్యాక్ వదలాల్సిందే, నేను వదిలాను కూడా. కానీ మా ఊళ్లో కిరాణా కొట్టుకి పంపితే చిన్నపిల్లాడు కూడా లిస్టు మొత్తం ఒకేసారి అడిగి వెళ్తాడు. మీరేమో ఒకటి తెచ్చాక ఇంకోటి, అది తెచ్చాక ఇంకోటి, మధ్యలో ఫైల్ ఎక్కడుందంటే "సార్ లాగిన్‌లో ఉంది". సార్‌ని అడిగితే పై సార్ లాగిన్‌లో. పై సార్‌ని అడిగితే నీ లాగిన్‌లోనే ఉందయ్యా, షార్ట్‌ఫాల్ పడింది చూస్కో.

నిజం ఒప్పుకోవాలి, పర్మిషన్ అప్పుడు ఇంత లేదు. 2020లో ఆన్‌లైన్‌లో ఇంటి పర్మిషన్లిచ్చే టీఎస్ బీపాస్ వచ్చినప్పుడు 75 గజాల్లోపు రూపాయి కడితే చాలన్నారు, 600 గజాల్లోపు, పది మీటర్ల ఎత్తు దాటకపోతే ఇన్‌స్టంట్ అప్రూవల్ అన్నారు, అన్నట్టే ఫీజు కట్టి చాయ్ తాగేలోపు మాకు పర్మిషన్ ప్రొసీడింగ్స్ వచ్చేశాయి. ఆ రోజు స్వీట్లు పంచాను, సిగ్గుగా ఉంది ఇప్పుడు. తర్వాత బిల్డ్‌నౌ అని ఇంకోటొచ్చింది. పేర్లు మారాయిగానీ తమరు ఎక్కడివాళ్లు అక్కడే.

అటుపక్క 120 గజాల్లో ఐదంతస్తులు లేపాడొకాయన, పైన పెంట్‌హౌస్, సెట్‌బ్యాక్ అంటే ఏంటో కూడా తెలీదు ఆయనకి. ఒక్క షార్ట్‌ఫాల్ లేదు. ఎందుకుంటుంది, అప్లికేషనే లేదుగా! అప్లై చేసినోడికే కదా నువ్వు దొరికేది. ఏమయ్యా, ఆ సందులోకి వెళ్లి ఫోటో అడుగు చూద్దాం ఒకసారి. అడగవు. రూల్ ప్రకారం కట్టినోడి గేటు ముందే నీ ప్రతాపమంతా.

గది సంగతి చెప్పలేదు కదూ. పర్మిషన్ కావాలంటే బిల్టప్ ఏరియాలో పది శాతం మున్సిపాలిటీకి మార్ట్‌గేజ్ చెయ్యాలి, ఓసీ వచ్చాకే వదుల్తారు. ప్లాన్‌లో గీతలు కొట్టిన ఆ పది శాతం వెళ్లి వెళ్లి ఫస్ట్ ఫ్లోర్‌లో మా అమ్మాయి గది మీద, పక్కన హాల్లో ఒక ముక్క మీద పడింది. సోఫా ఒక కాలు మాది, మూడు కాళ్లు మున్సిపాలిటీవి. ఇంట్లో ఇప్పుడు ఆ గదిని ఎవరూ అమ్మాయి గది అనరు, తాకట్టు గది అంటారు. చుట్టాలొస్తే కూడా "బ్యాగులు తాకట్టు గదిలో పెట్టండి" అంటుంది మా అమ్మ, మామూలుగా.

సెకండ్ ఫ్లోర్ స్లాబ్‌కి మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టాం. పోయిన నెల బ్యాంకుకెళ్లి వడ్డీతో సహా కట్టేస్తే అరగంటలో తెచ్చి చేతిలో పెట్టారు. ఆ గాజులేసుకునే నిన్న చైన్‌మన్‌కి చాయ్ ఇచ్చింది. రాత్రి నీ మెసేజ్ చూపిస్తే చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత నిదానంగా అడిగింది, "పక్కింటాయన్ని నువ్వు అడుగుతావా, నన్ను అడగమంటావా డాబా గురించి?"