క్లోమంలో తిత్తి అనగానే కత్తి పట్టడమేనా?

గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయేమో అని స్కానింగ్ తీయిస్తే రిపోర్టు అడుగున ఒక లైన్: ‘పాంక్రియాస్ (క్లోమం)లో సిస్ట్ (తిత్తి), క్యాన్సర్ కాదని నిర్ధారించుకోవాలి’. ఇంట్లోవాళ్లకు ఆ ఒక్క మాట తప్ప ఇంకేదీ కనపడదు. మా పెద్దమ్మ విషయంలో అదే జరిగింది. సాయంత్రానికల్లా ఆపరేషన్‌కు డబ్బు ఎవరు సర్దాలి అనే లెక్కలు. అసలది ఏ రకం తిత్తో మేం అడగలేదు, ఆసుపత్రివాళ్లూ చెప్పలేదు. ఆపరేషన్ తేదీ మాత్రం ఇచ్చేశారు.

నా కోపమంతా ఆ తేదీ మీదే. రకం తేలకుండా కోత ఎలా పెడతారు?

ఇంకో పెద్దాసుపత్రిలో ఎంఆర్ఐ చూసి సీరస్ సిస్టడినోమా (పల్చటి నీరు నిండిన తిత్తి) అన్నారు. తేనెపట్టులా చిన్న చిన్న గదులు, మధ్యలో మచ్చ. ఎక్కువగా పెద్దవయసు ఆడవాళ్లలో వస్తుంది, క్యాన్సర్‌గా మారడం దాదాపు ఉండదు. 2016లో పలు దేశాల డాక్టర్లు ఇలాంటి 2622 మంది వివరాలు ప్రచురించారు. తిత్తి వల్ల పోయింది ఒక్కరు, ఆపరేషన్ తర్వాత పోయింది 10 మంది. నూటికి 61 మందికి ఆపరేషన్ జరిగింది, అందుకు అన్నిటికంటే పెద్ద కారణం అదేంటో కచ్చితంగా తేలకపోవడం! చదివి కడుపు మండిపోయింది.

క్లోమంలోనే వచ్చే ఇంకో రకం, లింఫోఎపిథీలియల్ సిస్ట్, ఇంకా అరుదు, ఎక్కువగా మగవాళ్లకు వస్తుంది. ప్రమాదం లేనిదే, కానీ క్యాన్సర్ ఉందేమోనని చూసే సీఏ 19-9, సీఈఏ పరీక్షల అంకెలు రెండూ పెరగొచ్చు. ఆ అంకె చూస్తే ఎవరికైనా టెన్షనే. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌తో (నోటి గుండా గొట్టం దింపి లోపలి నుంచి చేసే స్కాన్) చూస్తూ సన్నటి సూదితో లోపలి పదార్థం తీస్తే చర్మంలో ఉండేలాంటి పొలుసు కణాలు, కెరటిన్ (గోళ్లు, వెంట్రుకల్లో ఉండే పదార్థం), లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) కనిపిస్తాయి. అనుభవమున్న పాథాలజిస్టు గుర్తుపడతారు. తిత్తిలోని ద్రవంలో గ్లూకోజ్ చూడటం కూడా చవకైన పరీక్షే. డెసిలీటరుకు 50 మిల్లీగ్రాముల లోపుంటే జిగురు స్రవించే రకమని అనుమానించాలి, అది క్యాన్సర్‌గా మారే అవకాశమున్న రకం.

అన్నీ వదిలేయమనడం లేదు. కామెర్లు వచ్చినా, తిత్తిలో గట్టి కండ కనిపించినా, క్లోమంలోని ప్రధాన నాళం 10 మిల్లీమీటర్లకు ఉబ్బినా ఒక్కరోజు కూడా ఆగొద్దు.

మిగతావాళ్లు స్కాన్ సీడీ చేతిలో పెట్టుకుని, క్లోమం కేసులు రోజూ చూసే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కాగితం ఒక్కటే పట్టుకెళితే చాలదు, బొమ్మలు చూడాలి. డాక్టర్లకూ దండం పెట్టి అడుగుతున్నా: ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ మీ దగ్గర లేకపోతే ఉన్నచోటికి పంపండి. ఏ రకమని అనుకుంటున్నారో, ఎందుకు అనుకుంటున్నారో చీటీ మీద రాయండి.