క్రాడక్ దొరగారు పడ్డ శిక్షలు

తెల్లదొరల సైన్యంలో తప్పు చేస్తే ఎంత పెద్దవాడికైనా శిక్ష తప్పేది కాదట. కాఫీ కప్పు చేతికి అందిన ప్రతి పెద్దమనిషీ ఇదే పాఠం చెబుతున్నాడు. సరే, ఒక దొరగారి శిక్ష చూద్దాం.

సర్ జాన్ క్రాడక్, మద్రాసు సైన్యానికి కమాండర్-ఇన్-చీఫ్. మన తెలుగువాళ్ళు కూడా సిపాయిలుగా పనిచేసిన సైన్యమే అది. ఆయన ఏలుబడిలో 1806 మార్చిలో ఉత్తర్వు వచ్చింది. యూనిఫాంలో ఉండగా బొట్లు, నామాలు కూడదు. చెవి పోగులు తీసెయ్యాలి. గడ్డం నున్నగా గీయాలి. మీసం అందరికీ ఒకే ఆకారం, ఒకే పరిమాణం. తెల్లవారుజామున పరేడ్‌లో తెల్ల ఆఫీసరు వంగి వంగి ఒక్కో మూతినీ తనిఖీ చేస్తున్నాడు: ఎడమవైపు రెండు వెంట్రుకలు ఎక్కువున్నాయి, సామ్రాజ్యానికి ముప్పు! మంగలి పరుగున వస్తాడు. కుడివైపు కాస్త ఎక్కువ తెగింది, ఇప్పుడు వరసంతా మళ్ళీ సరిచెయ్యాలి. ఈలోగా శత్రువు వస్తే ఆగమనాలి, మీసాలు ఇంకా సమం కాలేదు.

వీటికి తోడు టోపీని పోలిన కొత్త తలపాగా, దానికో తోలు తురాయి. వేలూరులో సిపాయిలు దాన్ని పెట్టుకోం అన్నారు. ఒక హిందువుకీ ఒక ముస్లింకీ చెరి 900 కొరడా దెబ్బలు వేసి, ఉద్యోగాల్లోంచి గెంటేశారు. తొమ్మిది వందలు! తలపాగా వద్దన్నందుకు! ఆ కొరడా లెక్కపెట్టినవాడు మనిషేనా? జూలై 10న కోటలో తిరుగుబాటు లేచింది. ఆర్కాటు నుంచి గుర్రపు దళం దిగింది. ప్రాణభయంతో దాక్కున్న వందమందిదాకా సిపాయిలను బయటికి ఈడ్చి, గోడకు నిలబెట్టి కాల్చేశారు. విచారణా లేదు, పాడూ లేదు. విచారణ దాకా బతికినవాళ్ళలో కొందరిని ఫిరంగి నోటికి కట్టి పేల్చారు. దీన్ని క్రమశిక్షణ అనే నోళ్ళకు సిగ్గుండాలి.

ఇక క్రాడక్‌కు పడిన ఘోర శిక్ష: ఇంటికి పిలిపించారు. ఆ కుంగుబాటులోనే 1808లో పోర్చుగల్‌లోని ఇంగ్లీషు సేనల్ని నెత్తిన వేశారు. 1811లో దక్షిణాఫ్రికాలోని కేప్ కాలనీకి గవర్నర్ చేశారు. అక్కడ దాదాపు 20,000 మంది ఖోసా జనాన్ని సొంత నేల మీంచి తరిమించి, తగినంత భయభక్తులు కలగడానికి కావలసిన దానికన్నా ఎక్కువ రక్తం చిందించలేదని లండన్‌కు సెలవిచ్చాడు. అక్కడొక ఊరికి ఆయన పేరు పెట్టారు. 1819లో ప్రభువు బిరుదు కూడా మోయాల్సి వచ్చింది.

నాటి మద్రాసు గవర్నర్ విలియం బెంటింక్‌నూ వదల్లేదు, 1807లో వెనక్కి లాగేశారు. పాపం, 1828 నాటికి గవర్నర్ జనరల్‌గా తిరిగొచ్చాడు.