ఆ నాలుగో కమాండ్ మాత్రం కొట్టకండి, పుణ్యముంటుంది

నల్లగొండ ఐటీ టవర్‌లో పనిచేసే మిత్రుడు ఒక మెసేజ్ పంపాడు. పాలమూరు నుంచి ఇంకొకాయన పంపాడు. కాలేజీ గ్రూపులో మళ్లీ అదే, ఈసారి మంటల బొమ్మలు అదనం. "కుబెర్నెటిస్ బిల్లు 70 శాతం తగ్గించే ఐదు కమాండ్లు, కన్సల్టెంట్లు మీకు చెప్పని రహస్యం" అట. కుబెర్నెటిస్ అంటే చాలా సర్వర్లను ఒక గుంపుగా (క్లస్టర్) కలిపి వాటిమీద అప్లికేషన్లు నడిపే సాఫ్ట్‌వేర్. గుంపులో ఒక్కో సర్వర్ ఒక నోడ్, దానిమీద నడిచే ఒక్కో అప్లికేషన్ ముక్క ఒక పాడ్. "అన్నా, మన క్లస్టర్‌లో పెట్టేద్దామా?" అని ఒక తమ్ముడు అడిగాడు. అందుకే ఇది రాయాల్సి వచ్చింది.

మొదటి సలహా: కుబ్‌కంట్రోల్ (కుబెర్నెటిస్‌కు ఆదేశాలిచ్చే కమాండ్) టాప్ కొట్టండి, అందులో కనిపించినంతకే రిక్వెస్టులు (ఒక్కో పాడ్‌కు ఇంత సీపీయూ, ఇంత మెమరీ కావాలని ముందే రాసే అంకెలు) తగ్గించండి. టాప్ చూపించేది చివరి కొద్ది సెకన్ల వాడకం. నిన్నటి సంగతి దానికి తెలియదు. మిర్యాలగూడ రైస్‌మిల్లులకు కాంటా చీటీల సాఫ్ట్‌వేర్ నడిపేవారిని అడగండి. ఆగస్టులో మధ్యాహ్నం పూట చూస్తే సర్వర్ నిద్రపోతూ ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో యాసంగి ధాన్యం లారీలు మిల్లుల ముందు బారులు తీరినప్పుడు చూడాలి దాని అవస్థ. ఆగస్టు అంకెతో రిక్వెస్టులు రాస్తే, ఏ పాడ్ ఏ నోడ్‌లో ఉండాలో నిర్ణయించే షెడ్యూలర్ ఆ మాటే నమ్మి ఒక్కో నోడ్‌లో పాడ్‌లను కుక్కుతుంది. సీపీయూ చాలకపోతే పని నెమ్మదిస్తుంది, అంతే. మెమరీకి ఆ మొహమాటం లేదు. నోడ్‌లో మెమరీ కరువైతే, రిక్వెస్టును మించి వాడుతున్న పాడ్‌లనే ఆ నోడ్‌ను చూసుకునే కుబ్‌లెట్ ముందుగా బయటికి నెడుతుంది. అంటే రిక్వెస్టును అడుగంటా కోసిన మీ ముఖ్యమైన పాడ్‌కే మొదటి వేటు. వాడకం కొలతలు దాచిపెట్టే ప్రొమీథియస్‌లో పోగైన చరిత్ర చూసి లెక్క కట్టే కేఆర్ఆర్ లాంటి కమాండ్‌లైన్ పనిముట్లు ఉన్నాయి. రిక్వెస్టులను తనంతట తానే సరిచేసే వీపీఏను ఆఫ్ మోడ్‌లో పెడితే దేన్నీ ముట్టుకోకుండా సిఫారసులు మాత్రమే ఇస్తుంది. అయితే రెండు వారాల చరిత్ర ఇస్తే అవి రెండు వారాల సంగతే చెబుతాయి. కోతల కాలం ఎప్పుడొస్తుందో వాటికి మనమే చెప్పాలి.

రెండోది, లిమిట్లన్నీ (పాడ్ వాడకానికి పెట్టే గరిష్ఠ హద్దులు) తీసేయమనడం. సీపీయూ లిమిట్ తీసేయడం వరకు వాదించదగ్గ విషయమే. నోడ్ ఖాళీగా ఉన్నా సరే, లిమిట్ ఉంటే కెర్నల్ ప్రతి 100 మిల్లీసెకన్లకు ఒక కోటా లెక్కన పాడ్‌ను ఆపుతుంటుంది. మెమరీ లిమిట్ కూడా తీసేస్తే, మెమరీ లీకున్న ఒక్క పాడ్ నోడ్ మొత్తాన్ని ముంచుతుంది. ఇంతకీ క్లౌడ్ కంపెనీ మామూలుగా బిల్లు వేసేది నోడ్‌లకు. లిమిట్లు తీస్తే అందులో తగ్గేది గుండుసున్నా.

మూడోది, అన్నీ స్పాట్ (కంపెనీ ఎప్పుడైనా వెనక్కి తీసుకునే చౌక సర్వర్లు) మీద పెట్టండి. అమెజాన్ రెండు నిమిషాల ముందు చెప్పి నోడ్ తీసుకుపోతుంది, గూగుల్ ఇచ్చే గడువు 30 సెకన్లు. మధ్యలో ఆగి మళ్లీ మొదలైనా నష్టం లేని పనులకు బంగారం లాంటిది. డేటాబేస్‌ను అక్కడ పెట్టేవారికి ఒక దండం.

ఇక నాలుగోది. పీవీసీ అంటే పాడ్ డిస్కు కోసం పెట్టుకున్న అర్జీ, దానికి దొరికిన డిస్కు పీవీ. "వాడని డిస్కుల దుబారా" ఆపడానికి కుబ్‌కంట్రోల్ డిలీట్ పీవీసీ అని రాసి, రెండు అడ్డగీతలు పెట్టి ఆల్ అనమంటున్నాడు మహానుభావుడు. పైగా అభయహస్తం: "భయం వద్దు, పాడ్ వాడుతున్న పీవీసీని కుబెర్నెటిస్ పోనివ్వదు." ఇందులో ఉన్న సగం నిజమే కొంప ముంచేది. ఎంటర్ కొట్టగానే ప్రతి పీవీసీ పేరు పక్కనా డిలీటెడ్ అని పడుతుంది. తర్వాత తెర కదలదు. కంగారుపడి కంట్రోల్ సీ కొడతారు. చూస్తే డేటాబేస్ నడుస్తూనే ఉంటుంది, హమ్మయ్య అనుకుంటారు. ఒక్కసారి గెట్ పీవీసీ కొట్టి చూడండి: బౌండ్ అని ఉండాల్సిన చోట టెర్మినేటింగ్ అని ఉంటుంది. ఒకసారి అలా పడ్డాక వెనక్కి తీసుకునే కమాండ్ లేదు. ఆ పాడ్‌ను ఏ కారణంతో తీసేసినా, అది నోడ్ అప్‌గ్రేడే కావచ్చు, ఇమేజ్ మార్పే కావచ్చు, ఆ క్షణమే పీవీసీ పోతుంది. డైనమిక్‌గా, అంటే అర్జీ పెట్టగానే దానంతటదే పుట్టిన డిస్కుకు మామూలుగా ఉండే రీక్లెయిమ్ పాలసీ (పీవీసీ పోయాక డిస్కును ఏం చేయాలనే నియమం) డిలీట్ కాబట్టి క్లౌడ్‌లోని అసలు డిస్కూ పోతుంది. ఆ తర్వాత డేటాబేస్ పాడ్‌లను నడిపించే స్టేట్‌ఫుల్‌సెట్ ఎంతో విధేయంగా అదే పేరుతో కొత్త ఖాళీ డిస్కు తెప్పిస్తుంది. పాడ్ రన్నింగ్ అని చూపిస్తుంది, లోపల ఒక్క చీటీ ఉండదు.

ఈ జాబితాలో ఐదో సలహా ఏమిటో తెలుసా? రాత్రిపూట రెప్లికాలన్నీ (నడిచే పాడ్‌ల సంఖ్య) సున్నా చేయడం. మధ్యాహ్నం నాలుగోది, రాత్రి ఐదోది పాటించినవారికి తెల్లారేసరికి డేటాబేస్ ఖర్చు శాశ్వతంగా తప్పుతుంది. చెప్పిన మాట నిలబెట్టుకున్నాడు, పాపం.

ఇప్పటికే కొట్టేసినవారు పాడ్‌ల జోలికి పోకండి. ముందు ఆ పీవీలన్నిటి రీక్లెయిమ్ పాలసీని రిటెయిన్‌కు (డిస్కును అలాగే ఉంచమని) ప్యాచ్ చేయండి, వెంటనే బ్యాకప్ తీసుకోండి. నిజంగా వాడని డిస్కులు వెతకాలంటే డిస్క్రైబ్ పీవీసీలో యూజ్డ్ బై అనే వరుస ఉంటుంది. అక్కడ నన్ అని ఉన్నా, అది సీజన్ అయ్యాక సున్నాకు దించిన అప్లికేషన్‌దేమో అడిగి మరీ తీయండి.

ఐదో సలహా విడిగా చూస్తే మాత్రం బంగారం. డెవలప్‌మెంట్ క్లస్టర్ లెక్క వేయండి. వారానికి 168 గంటలు. ఐదు రోజులు, రోజుకు పది గంటల చొప్పున మనం వాడేది 50. మిగతా 118 గంటలు ఆపితే నోడ్‌ల ఖర్చులో 70 శాతం ఆదా. ఆ అంకె గాలిలోంచి వచ్చిందనుకున్నాను, ఇక్కడ మాత్రం సరిగ్గా సరిపోయింది. ఒప్పుకోక తప్పదు. కాకపోతే రెప్లికాలు సున్నా చేసినంత మాత్రాన బిల్లు తగ్గదు, ఖాళీ అయిన నోడ్‌లను ఆటోస్కేలర్ తీసేయాలి. డిస్కులకు, లోడ్ బ్యాలెన్సర్‌కు రాత్రి కూడా మీటరు తిరుగుతూనే ఉంటుంది. ప్రొడక్షన్‌ను ఆ స్క్రిప్టు దరిదాపులకు రానివ్వకండి, సీజన్‌లో మిల్లు కాంటా అర్ధరాత్రి కూడా నడుస్తుంది. వేళకు ఈ స్క్రిప్టును నడిపే క్రాన్‌జాబ్‌లో టైమ్‌జోన్ ఏషియా, కోల్‌కతా అని తప్పకుండా రాయండి. వదిలేస్తే చాలా క్లౌడ్ క్లస్టర్లు యూటీసీ (మన సమయానికి ఐదున్నర గంటలు వెనక) లెక్క పడతాయి, ఉదయం తొమ్మిదికి లేవాల్సిన పాడ్‌లు మధ్యాహ్నం రెండున్నరకు లేస్తాయి.