ప్రపంచ సాహిత్యం గైడు గారికి, పరీక్షకు ముందు రాత్రి

మహారాజశ్రీ ప్రపంచ సాహిత్యం గైడు గారికి ఎం.ఏ. విద్యార్థి ఒకడు నమస్కరించి రాయునది.

తెల్లవారితే పరీక్ష. ప్రపంచ సాహిత్యం అనే మాటను 1827లో జర్మన్ కవి గోథే ప్రచారంలోకి తెచ్చినప్పుడు, ఆ సాహిత్యమంతా ఒకనాటికి తమరి నూట అరవై పుటల్లో ఇమిడిపోయి, పాత పుస్తకాల దుకాణంలో సగం ధరకు దొరుకుతుందని పాపం ఊహించి ఉండడు.

టాల్‌స్టాయ్ ఐదు వందలకు పైగా పాత్రలతో నడిపిన ‘యుద్ధము – శాంతి’ని తమరు పుటన్నరలో ముగించారు. యుద్ధానికి ఒక పేరా, శాంతికి రెండు వాక్యాలు.

దోస్తోయెవ్‌స్కీ నవల ‘నేరము – శిక్ష’లో కథానాయకుడు రస్కోల్నికోవ్ పశ్చాత్తాపంతో నేరం ఒప్పుకొనెనని తమరు సెలవిచ్చారు. నేను బుద్ధి తక్కువై నవలే తెరిచాను. నేరం ఒప్పుకొని, ఎనిమిదేళ్ల కఠిన శిక్షకు సైబీరియా చేరిన తరువాత కూడా, తాను చేసింది పాపమని రస్కోల్నికోవ్ మనసు చాలాకాలం అంగీకరించదు. ఆ సంగతి రాసినందుకు ఇంటర్నల్ పరీక్షలో నాకు పదికి మూడు మార్కులు వచ్చాయి. తమరి పేరాను పొల్లుపోకుండా అప్పజెప్పిన మిత్రుడికి ఎనిమిది.

ఇక కాఫ్కా. తమరి అట్ట మీద మీసాలతో సహా పెద్ద బొద్దింక బొమ్మ ఉంది. ఒక మనిషి పొద్దున్నే పురుగై మేలుకునే ‘రూపాంతరం’ కథ 1915లో అచ్చవుతున్నప్పుడు, ముఖచిత్రం మీద ఆ పురుగును దూరం నుంచైనా చూపవద్దని ఆయన ప్రచురణకర్తకు పనిగట్టుకొని లేఖ రాశాడు. గ్రెగర్ సామ్సా ఏ పురుగుగా మారాడో కథకుడు తేల్చి చెప్పడు. ఇల్లు శుభ్రం చేసే ముసలామె మాత్రం పేడపురుగని పిలుస్తుంది. తమరేమో దానిని ఒక మార్కు ప్రశ్న చేసి, ‘బొద్దింక’ అని జవాబిచ్చి, కింద గీత కూడా గీశారు. నాకు ఆ కథలో అన్నిటికంటే బాగా అర్థమైనది వేరు: నాలుగింటికి పెట్టుకున్న అలారానికి మేలుకోక ఆరున్నర దాకా పడుకుండిపోయిన ఆ మనిషికి, తన వీపు డొప్పకట్టిందన్న దిగులు కంటే ఐదింటి రైలు తప్పిపోయిందన్న దిగులే ఎక్కువ. దాని మీద తమరిలో ఒక్క ప్రశ్న కూడా లేదు.

నేనూ నాలుగింటికే అలారం పెట్టుకున్నాను. రేపు ఏ ఆకారంలో మేలుకున్నా, హాల్‌టికెట్టు పట్టుకోగలిగితే పరీక్షకు వెళ్తాను. బొద్దింక అనే రాస్తాను. కింద గీత కూడా గీస్తాను.

ఇట్లు,
తమ విధేయుడు