పర్మిషన్ ప్లాన్ ఒకటి, కట్టే ఇల్లు ఇంకొకటి: వరంగల్‌లో ఆర్కిటెక్ట్ కొలువులు పోతున్నది అక్కడే

హన్మకొండలో 200 గజాల జాగాలో ఇల్లు మొదలుపెట్టే కుటుంబం దగ్గర సాధారణంగా రెండు ప్లాన్లు ఉంటాయి. ఒకటి అనుమతి కోసం ఆన్‌లైన్‌లో ఎక్కించింది. రెండోది మేస్త్రి జేబులో మడిచి పెట్టుకున్నది, నిజంగా కట్టబోయేది. ఈ రెండింటికీ పొంతన ఉండదు. బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) చదివిన పిల్లలు హైదరాబాద్ బస్సెక్కక తప్పడం లేదెందుకని అడిగేవాళ్లు ముందు ఈ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఇక్కడ చేయాల్సిన పని కుప్పలుగా ఉంది. దాన్ని అడిగి చేయించుకునే ఏర్పాటే లేదు.

నాటా లేదా జేఈఈ పేపర్-2 ప్రవేశ పరీక్ష, ఐదేళ్ల చదువు, అందులో ట్రైనింగ్, ఆపైన కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్ట్రేషన్. ఇదంతా ఇంటర్ పిల్లలున్న ఇళ్లలో తెలిసిందే. అంతగా తెలియనిది చట్టం సంగతి. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం రిజిస్ట్రేషన్ లేనివాళ్లు ఆర్కిటెక్ట్ అనే పేరు వాడుకోకుండా ఆపుతుంది, ఆ పని చేయకుండా ఆపదు. 2020లో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. పట్టా చేతికొచ్చినంత మాత్రాన పని నడుచుకుంటూ రాదు.

అనుమతి ప్లాన్ ఒక్క షీటు. సెట్‌బ్యాక్‌లు (ఇంటి చుట్టూ వదిలే ఖాళీ), గదుల కొలతలు, ముందు భాగం, ఇంటిని నిలువుగా కోసినట్టు చూపే ఒక సెక్షన్ ఉంటే సరిపోతుంది. ఇల్లు సరిగ్గా కట్టాలంటే 25 నుంచి 30 షీట్లు కావాలి. మార్కింగ్, స్ట్రక్చరల్ ఇంజినీరు ఇచ్చే పునాది, పిల్లర్లు, బీములతో సరిచూసిన కొలతలు, లింటెల్ ఎత్తులు, మెట్లు, బాత్రూంలు, కరెంటు పాయింట్లు, నీళ్ల పైపులు, తలుపులు కిటికీల పట్టిక. ఈ షీట్లు లేని చోట డబ్బు ఎలా పోతుందో మెట్ల దగ్గరే తెలుస్తుంది. అంతస్తు ఎత్తు పదిన్నర అడుగులు, అంటే 126 అంగుళాలు. ఒక్కో మెట్టు ఎత్తు 7 అంగుళాలైతే మొత్తం 18, రెండు వరుసల్లో వరుసకు 9. తొమ్మిదో ఎత్తు ల్యాండింగు మీదికే ఎక్కుతుంది కాబట్టి వరుసలో కాలు పెట్టే మెట్లు 8. 10 అంగుళాల వెడల్పున ఆ 8 మెట్లు, అటూ ఇటూ 3 అడుగుల ల్యాండింగులు కలిపితే 12 అడుగుల 8 అంగుళాల పొడవు కావాలి. మేస్త్రి వదిలేది 10 అడుగులు. తేడా స్లాబ్ పడ్డాకే బయటపడుతుంది. అప్పుడు మలుపులో ముక్కోణపు మెట్లు వస్తాయి, లేదంటే మెట్టు ఎత్తు 9 అంగుళాలకు పెరుగుతుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ ఇక మేడ ఎక్కదు.

బాత్రూం దగ్గర స్లాబ్‌ను 8 నుంచి 12 అంగుళాలు దించి పోయాలని ముందే గీయకపోతే, పైపుల కోసం తర్వాత నేలను పైకి లేపుతారు. కరెంటు పైపులు స్లాబ్ కడ్డీ కట్టేటప్పుడే పరవకపోతే కొత్త కాంక్రీటుకు సుత్తి దెబ్బలు తప్పవు. నల్లరేగడి నేలలో ఎర్ర చల్కలో వేసినట్టే తక్కువ లోతున పునాది వేస్తే, వానకు ఉబ్బి ఎండకు కుంచించుకునే ఆ మన్ను రెండు మూడేళ్లలోనే గోడలు పగలగొడుతుంది.

ఇక ఎండ. వరంగల్ 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి జూలై ఆఖరు దాకా మధ్యాహ్నపు సూర్యుడు నెత్తి మీదో, కాస్త ఉత్తరానో ఉంటాడు. ఆ రోజుల్లో ఇంటిని కాల్చేవి పైకప్పు, పడమటి గోడ. పడమర ఎండ ఏటవాలుగా కిందికి వస్తుంది, దాన్ని రెండడుగుల సజ్జ ఆపలేదు. నిలువు అడ్డో, వరండానో, చెట్టో కావాలి. 2023లో వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ విధానం ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 గజాలూ ఆపై జాగాల్లోని ఇళ్లకు ఎండను తిప్పికొట్టే చల్లటి పైకప్పు తప్పనిసరి చేసింది. రామగుండం ఎండలో 150 గజాల ఇంటివాళ్లకు ఆ అవసరం ఇంకా ఎక్కువ. వాళ్లకు ఆ సంగతి చెప్పి గీసి ఇచ్చేవాళ్లు ఎవరు?

మేస్త్రి ముప్పై ఏళ్లుగా కడుతున్నాడు, ఫీజు దండగ అనేవాళ్లున్నారు. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ కంటే తక్కువన్న మాటా నిజమే. కానీ ఒక్క మెట్ల వరుస పగలగొట్టి మళ్లీ పోయించిన ఇంటివాళ్లను అడిగితే ఏది దండగో చెబుతారు. మేస్త్రి చేతి నైపుణ్యాన్ని ఎవరూ కాదనడం లేదు. గీత లేకుండా ఆయన నెత్తిన మోపిన నిర్ణయాలే ఇంటిని చెడగొడుతున్నాయి.

అసలు ఆందోళన ఇళ్లకంటే పెద్దది. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో ఈ నగరం కాలనీలకు కాలనీలే మునిగింది. కాకతీయులు ఒక చెరువు నిండితే నీరు కింది చెరువులోకి పారేలా చెరువుల గొలుసు కట్టారు. మనం ఆ పారే దారిలో ప్లాట్లు కొట్టాం. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోతే పాత ఇంటి బేస్‌మెంట్ రోడ్డు కిందికి దిగిపోయింది. లేఅవుట్ గీసే ముందు నేల ఎత్తుపల్లాలు కొలిచే కాంటూర్ సర్వే చేసి, నీరు ఎటు పోతుందో బాణం గుర్తు పెట్టగలిగిన మనిషి ఒక్కో మున్సిపాలిటీలో ఒక్కరైనా జీతం మీద ఉండాలి. జనగామ, భూపాలపల్లి, మంచిర్యాల, జగిత్యాల, ప్రతిచోటా. పాత కట్టడాలకూ ఇలాంటి మనుషులే కావాలి. వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని విప్పి, మళ్లీ నిలబెట్టి 2024 మార్చిలో తెరవడానికి ఎన్నేళ్లు పట్టిందో వరంగల్ వాళ్లందరికీ గుర్తే. 2021లో రామప్పకు ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. ఇసుక పునాది మీద నిలిచిన ఆ గుడి చుట్టూ పాత కట్టడాలను కొలిచి, గీసి, కాపాడే చేతులు ఈ జిల్లాల నుంచే తయారు కావాలి.

600 గజాల లోపు ఇళ్లకు 2020 నాటి టీఎస్ బీపాస్ అనే భవన అనుమతుల చట్టం స్వీయ ధ్రువీకరణ తెచ్చింది. బాధ్యతంతా యజమాని సంతకం మీద పడింది, తేడా ఉంటే నోటీసు లేకుండా కూల్చొచ్చు. అంత బరువు మోపినప్పుడు తోడు కూడా ఇవ్వాలి. 200 గజాలు దాటిన ప్రతి ఇంటికి పూర్తి షీట్ల సెట్టు ఎక్కించాలని, బేస్‌మెంట్ లెవల్ దగ్గర ఒకసారి, స్లాబ్ పోసే ముందు ఒకసారి రిజిస్టర్డ్ ఆర్కిటెక్ట్ చూసి సంతకం పెట్టాలని గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ నియమం పెట్టాలి. ఒక్క ఇంటి సెట్టు గీయడం ఒక జూనియర్‌కు దాదాపు నెల రోజుల పని. ఊళ్లో ఏటా లేచే ఇళ్లతో ఆ నెలను గుణించుకుంటే కొలువుల లెక్క తేలుతుంది.

ఇప్పుడు నాలుగో ఏడాదిలో ఉన్న విద్యార్థులు ట్రైనింగ్ సెమిస్టర్‌ను త్రీడీ బొమ్మలు చేయించే ఆఫీసులో గడపొద్దు. పునాది నుంచి స్లాబ్ దాకా నడుస్తున్న సైటు ఉన్న ఆఫీసు వెతుక్కోండి. ఎత్తు తేడాలు కొలిచే ఆటో లెవల్ పట్టి రోడ్డు మధ్య ఎత్తుకూ బేస్‌మెంట్‌కూ తేడా రాయడం, కడ్డీ కట్టాక కరెంటు పైపులను షీటుతో సరిచూడడం, బాత్రూం దించిన చోట నీళ్లు నింపి రెండు రోజులు చూసి కారడం లేదని తేల్చడం. ఈ మూడూ చేతికి వచ్చేదాకా అక్కడి నుంచి కదలొద్దు.