నంబర్లన్నీ కలిసిన గరాండ్ ఎక్కడుంది?

ఈ మధ్య అమెరికాలో ఉంటున్న మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. నాకే ముగ్గురు పంపారు. అమెరికా సైన్యం వాడిన పాత రైఫిళ్లు సేకరించాలనుకునే వాళ్లకు సలహాలట. అందులో ఉన్నదేమిటంటే: ఎం1 గరాండ్ (రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సిపాయిల రైఫిల్) కొనేటప్పుడు భాగాల మీది నంబర్లన్నీ కలవాలి, కలిస్తేనే ఒరిజినల్. సీరియల్ నంబరు 1943 నాటిదైతే అది నార్మండీ (1944లో మిత్రసైన్యాలు దిగిన ఫ్రాన్స్ తీరం) చూసిన తుపాకీ. కర్రకు, అంటే తుపాకీ చెక్క భాగానికి, ఉప్పు కాగితం పట్టి పాలిష్ కొడితే ధర పెరుగుతుంది. గరాండ్‌కు ముందు సైన్యం వాడిన 1903 స్ప్రింగ్‌ఫీల్డ్ ఎంత పాతదైతే అంత గట్టిది. యాభై ఏళ్లు దాటింది ఆంటిక్ కాబట్టి కాగితాల గొడవ లేదు.

మొదటి మూడూ చదివి నవ్వుకున్నాను. చివరి రెండూ చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. కాబట్టి చిట్టచివరిదాంతోనే మొదలుపెడతాను.

"యాభై ఏళ్లు దాటితే ఆంటిక్, ఎవరైనా కొనుక్కోవచ్చు."

కాదు. 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్ లెక్కలో ఆంటిక్ అంటే 1898లోనో అంతకుముందో తయారైనది. గరాండ్ సైన్యంలోకి వచ్చిందే 1936లో. యాభై ఏళ్ల లెక్క "క్యూరియో అండ్ రెలిక్" అనే వేరే వర్గానిది. దానికి కలెక్టర్ లైసెన్స్ ఉంటుంది. అది తీసుకున్నవాళ్లకు వేరే రాష్ట్రం నుంచి తెప్పించుకోవడం లాంటి కొన్ని సౌకర్యాలు ఉంటాయి. అంతే తప్ప ఆ రైఫిల్ చట్టం దృష్టిలో తుపాకీ కాకుండా పోదు. ఇంకో ముఖ్యమైన మాట. హెచ్1బీ, స్టూడెంట్ వీసా లాంటి వాటి మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడం అటుంచి, దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం. వేట లైసెన్స్ ఉన్నవాళ్లకు ఇచ్చినట్టు కొన్ని మినహాయింపులు ఉన్నాయి, కానీ వాట్సాప్ చూసి వాటిని నమ్ముకోవద్దు. లాయర్‌ని అడగండి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు డీలర్ దగ్గర కొనవచ్చు, ఆపైన ఏ రాష్ట్రం రూల్సు ఆ రాష్ట్రానివి. సైన్యం వదిలేసిన గరాండ్‌లను జనానికి అమ్మే సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ (అందరూ సీఎంపీ అంటారు) మాత్రం పౌరసత్వం ఉన్నవాళ్లకే అమ్ముతుంది. కాగితాల గొడవ లేదన్న మాటను నమ్మి ఒక కుర్రాడు వీసా పోగొట్టుకుంటే ఆ మెసేజ్ రాసినాయన వచ్చి ఆదుకోడు.

"నంబర్లన్నీ కలవాలి."

పాత బండి కొనేటప్పుడు మనవాళ్లు ఆర్‌సీ బుక్కు చేత్తో పట్టుకుని ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు సరిచూస్తారు. జర్మన్ మౌజర్ కొనేవాళ్లూ అదే పని చేస్తారు. కె98కె అనే మౌజర్ రైఫిల్‌లో బోల్టు (తూటాను లోపలికి నెట్టి మూసే కడ్డీ) దగ్గర్నుంచి చిన్న చిన్న భాగాల దాకా సీరియల్ నంబరో దాని చివరి అంకెలో కొట్టేవారు. ఆ అలవాటును తెచ్చి గరాండ్‌కు అంటగట్టారు.

గరాండ్‌లో సీరియల్ నంబరు ఉండేది ఒక్క చోటే, రిసీవర్ (బారెల్, బోల్టు అమరే నడిమి లోహపు భాగం) మీద, గురి చూసే వెనక సైటు దాటాక. మిగతా భాగాల మీద కనబడేవి డ్రాయింగ్ నంబర్లు, అంటే స్పేర్ పార్టు డబ్బా మీద ఉండే పార్టు నంబరు లాంటివి. యుద్ధకాలపు బోల్టు ఏది తీసినా డి28287 అని ఉంటుంది. తూటాను పేల్చే సుత్తి (హ్యామర్) మీద సి46008. పక్కన ఎస్‌ఏ అని ఉంటే స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ అనే ప్రభుత్వ ఆయుధ కర్మాగారానిది, డబ్ల్యూఆర్ఏ అని ఉంటే వించెస్టర్ కంపెనీది. లక్షల బోల్టుల మీద ఒకే నంబరు ఉంటే అది దేనితో కలిసినట్టు? అందుకే ఎవరైనా "మ్యాచింగ్ నంబర్స్ గరాండ్" అని అమ్మకానికి పెడితే, అతనికి తెలియదనో, మనకు తెలియదని అతనికి తెలుసనో అనుకోవాలి.

అసలు ఆ రైఫిల్ పుట్టిందే భాగాలు మార్చుకోవడానికి. కెనడాలోని క్యూబెక్‌లో పుట్టిన జాన్ గరాండ్ మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీలో ఏళ్ల తరబడి పనిచేసి దీన్ని తయారుచేశాడు. ఒక రైఫిల్ భాగం ఇంకో రైఫిల్‌లో ఇట్టే సరిపోవాలి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఈ రైఫిళ్లు ఆర్సెనళ్లకు, అంటే సైన్యపు ఆయుధాగారాలకు, తిరిగొచ్చాయి. అక్కడ పూర్తిగా విప్పి, బోల్టులు ఒక తొట్టిలో, ట్రిగ్గర్ భాగాలు ఇంకో తొట్టిలో పడేసి, అరిగినవి తీసేసి, చేతికందినవాటితో మళ్లీ కట్టారు. ఏది ఎవరిదో ఎవరూ గుర్తుపెట్టుకోలేదు, ఆ అవసరమూ లేదు. యుద్ధకాలపు లాక్‌బార్ వెనక సైట్లను కూడా తీసేసి కొత్త రకం వేశారు. కనుక వించెస్టర్ రిసీవర్‌లో స్ప్రింగ్‌ఫీల్డ్ బోల్టు, 1950ల బారెల్ ఉన్న రైఫిల్‌ను చూసి ముఖం చిట్లించకండి. అది సైన్యంలో నిజంగా బతికిన తుపాకీ.

కలెక్టర్లు వాడే "కరెక్ట్" అనే మాట ఇంకొకటుంది. రిసీవర్ ఏ నెలదో ఆ కాలానికి తగ్గ డ్రాయింగ్ వెర్షన్ భాగాలే ఉన్నాయని దాని అర్థం. అలాంటిదానికి ధర ఎక్కువే. అయితే ఆ భాగాలు 1943లో ఫ్యాక్టరీలోనే కలిశాయా, పోయిన సంవత్సరం ఎవరి వంటింటి టేబుల్ మీదో కలిశాయా అన్నది ఆ నంబర్లు చెప్పవు. విడి భాగాలు ఆన్‌లైన్‌లో బోలెడు దొరుకుతాయి. కరెక్ట్ వేరు, ఒరిజినల్ వేరు. అంత ధర పలకాల్సింది ఒరిజినల్‌కు, కానీ ఆ ధరకు అమ్మేది కరెక్ట్‌ను.

అదే యుద్ధకాలపు తేలికపాటి పొట్టి రైఫిల్ ఎం1 కార్బైన్ సంగతైతే ఇంకా తమాషా. దాన్ని చేసిన పది ప్రధాన కంపెనీల్లో మన సాఫ్ట్‌వేర్ వాళ్లకు బాగా తెలిసిన ఐబీఎం ఒకటి, మూడున్నర లక్షల దాకా చేసింది. జ్యూక్‌బాక్సులు (నాణెం వేస్తే పాట వినిపించే పెట్టెలు) చేసే రాక్-ఓలా ఇంకొకటి. ఒకరి దగ్గర భాగాలు తక్కువైతే ఇంకొకరి దగ్గర్నుంచి సర్దుబాటు చేసేవారు. అంటే ఫ్యాక్టరీ గడప దాటేటప్పటికే అందులో పది ఇళ్ల సరుకు ఉండేది. "మొత్తం ఐబీఎం" కార్బైన్ కోసం రెట్టింపు డబ్బు పెట్టేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

"1943 నంబరు కాబట్టి నార్మండీలో దిగింది."

తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టుంది. సీరియల్ నంబరు బట్టి తెలిసేది రిసీవర్ సుమారుగా ఏ నెలలో తయారైందనే. ఆ తర్వాత అది నార్మండీ వెళ్లిందా, జార్జియాలో ట్రైనింగ్ క్యాంపులో కొత్త సిపాయిల చేతుల్లో నలిగిందా, డబ్బాలో పడి ఉందా అనేది దాని మీద రాసి ఉండదు. ఆర్కైవ్స్ కాగితాల్లో కొద్దిపాటి రైఫిళ్లకు మాత్రం ఫలానా యూనిట్ అని ఆధారం దొరికింది. మిగతావన్నీ అమ్మేవాడి నోటి మాటలే. ఇందులో కచ్చితంగా చెప్పగలిగింది దీనికి వ్యతిరేకమైనదే. నంబరు 42 లక్షలు దాటిందంటే అది 1950ల తయారీ, హిట్లర్ పోయాక పుట్టింది. ఇంటర్నేషనల్ హార్వెస్టర్, హారింగ్టన్ అండ్ రిచర్డ్‌సన్ అనే పేర్లు ఉన్నవన్నీ ఆ కాలానివే.

"ఉప్పు కాగితం పట్టి పాలిష్ కొట్టండి."

దయచేసి వద్దు. కర్ర ఎడమ వైపున తనిఖీ ముద్ర ఉంటుంది. యుద్ధకాలపు స్ప్రింగ్‌ఫీల్డ్ కర్ర మీద ఎస్‌ఏ అనే అక్షరాల కింద ఆర్మరీ కమాండర్ పేరులోని పొడి అక్షరాలు, పక్కన ఆర్డ్నెన్స్ (సైన్యపు ఆయుధ శాఖ) గుర్తు. ఒక్క గంట గీకుడుతో అవి పోతాయి. వాటితో పాటే ధరలో పెద్ద భాగమూ పోతుంది. మురికి ఉంటే మినరల్ స్పిరిట్స్‌తో మెల్లగా తుడిచి లిన్‌సీడ్ నూనె రాస్తే చాలు.

ఈ ముద్రల విషయంలో నేనూ ఒకసారి మునిగాను. ఒక గన్ షోలో ముద్ర చక్కగా కనిపిస్తున్న రైఫిల్ దొరికిందని సంబరపడి అడిగినంత ఇచ్చి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి దీపం పక్కకు వాల్చి చూస్తే, కర్ర మీద పాత సొట్ట ఒకటి ఆ ముద్ర మధ్యలోంచి పోతోంది. అక్షరాల గీతలు ఆ సొట్ట అడుగుదాకా శుభ్రంగా దిగి ఉన్నాయి. ముద్ర ముందు పడి ఉంటే సొట్ట దాన్ని చితక్కొట్టాలి కదా! సొట్ట పాతది, ముద్ర నిన్నటిది. అప్పటినుంచి చిన్న టార్చి లేకుండా గన్ షోకు వెళ్లను.

"1903 స్ప్రింగ్‌ఫీల్డ్ ఎంత పాతదైతే అంత గట్టిది. రెండు యుద్ధాలు తట్టుకుంది."

ఇది ప్రాణం మీదికి తెచ్చే మాట. తొలినాళ్ల 1903 రిసీవర్లను పుటం పెట్టేటప్పుడు ఉక్కు ఎంత వేడెక్కిందో అనుభవజ్ఞులైన పనివాళ్లు రంగు చూసి చెప్పేవారు, కొలిమి దగ్గర కమ్మరి చూసినట్టే. 1917లో కొన్ని రైఫిళ్లు కాలుస్తుండగానే పగిలాయి. విచారణలో తేలిందేమిటంటే, ఎండ బాగా ఉన్న రోజున కంటికి "సరైన ఎరుపు"గా కనిపించిన ఉక్కు, మబ్బు రోజున అలాగే కనిపించిన ఉక్కు కంటే 300 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఎక్కువ వేడిగా ఉండేదట. అంత కాలిన ఉక్కు పెళుసుబారుతుంది. మామూలు తూటాకు ఏమీ కాదు. ఒక్క తూటా ఇత్తడి గొట్టం చీలి గ్యాస్ వెనక్కి తన్నిందా, రిసీవర్ గాజుముక్కలా పగులుతుంది. తర్వాత వేడిని కొలిచే పరికరాలు పెట్టి, పుటం పెట్టే పద్ధతి మార్చారు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 8 లక్షల కంటే తక్కువ నంబరు, ఈ రైఫిల్‌నే చేసిన రాక్ ఐలాండ్ ఆర్సెనల్‌లో సుమారు 2,85,000 కంటే తక్కువ నంబరు ఉన్నవి పాత పద్ధతివి. వాటితో తూటాలు కాల్చవద్దని సీఎంపీ కూడా చెబుతోంది. వందేళ్లుగా పగల్లేదన్నది, రేపు మీరు వేసే తూటా మంచిదని హామీ కాదు.

ఆ మెసేజ్ నాకు పంపినవాళ్లలో ఒకాయన దగ్గర 1903 ఉంది. రిసీవర్ పైన నంబరు చూసి చెప్పమన్నాను. అయిదు నిమిషాలకు ఫోన్ వచ్చింది. ఏడు లక్షల చిల్లర. వచ్చే ఆదివారం రేంజ్‌కు తీసుకెళ్లాలని తూటాలు కూడా కొనిపెట్టుకున్నాడట.